ఉడికిన కొమ్ము

బోధన్ బస్సు ఇంకా నిజామాబాద్ స్టాండు దాటకముందే రాజేశ్వర్ ఒళ్ళోని సంచిని మళ్ళీ మళ్ళీ సర్దుకుంటున్నాడు. అందులో ఉన్నది పచ్చి పసుపు, విత్తనం కొమ్ము. పసుపు అమ్మే గంజ్‌లో అతని అడ్తి దుకాణానికి వచ్చేది ఉడికి, ఎండి, మెరుగు పెట్టిన సరుకు. రైతు తెస్తాడు, ఖరీదుదారు కొంటాడు, మధ్యన నిలబడి ఇద్దరికీ మాట కుదిర్చి తన కమీషను తాను తీసుకోవడం అతని పని, విత్తనంతో అతనికి జన్మలో అవసరం పడలేదు. అందుకే మొన్న కమ్మర్‌పల్లి భూమేష్‌ను అడిగితే ఆ రైతు నవ్వు ఆపుకోలేదు. "సేటు ఎవుసం చేస్తడంటరా, ఇగ మనం దుకాణం పెట్టాలె" అన్నాడు పక్కవాళ్ళతో. నవ్వితే నవ్వాడు గానీ ఒక్కో కొమ్మునూ కన్ను చూసి ఏరి ఇచ్చాడు, పైసలు ముట్టలేదు. ఇంట్లో కారు ఉంది. కారు తీస్తే డ్రైవరు ప్రేమ్ ఎక్కడికి సేటూ అంటాడు, ఎందుకు అంటాడు, వాడికి తెలిసింది పొద్దుగూకేసరికి గంజ్ మొత్తానికి తెలుస్తుంది. బస్సులో అయితే అడిగేవాళ్ళు ఉండరు. అలా అనుకున్నాడో లేదో పక్కసీటు ముసలామె అడగనే అడిగింది. "సంచిల ఏందయ్యా, అల్లమా?" పసుపు అన్నాడు. "పచ్చిదా? ఇంట్ల పెండ్లున్నదా?" లేదని తల ఊపి కిటికీ వైపు తిరిగాడు.

పెండ్లి కాదు, మరి ఏమిటో అతనికీ తెలియదు. పోయిన వారం హన్మాండ్లు ఫోను చేశాడు, ఉగాండా నుంచి సెలవు మీద బోధన్‌లోని ఇంటికి వచ్చాడట. "అన్నా, నీ పిల్ల కలిసింది. నీకొకటి పంపింది. ఫోన్ల చెప్పేది కాదు, నువ్వే రా" అన్నాడు. నీ పిల్ల అన్నాడు. ఆ పిల్లను తను వదిలేసిన సంగతి వాడికి తెలియదా, తెలిసే ఆ మాట వేశాడా. హన్మాండ్లు మాట ఎప్పుడూ లేతపాకం కాదు, ముదురుపాకం కాదు, సరిగ్గా పడుతుంది. ఊరికే పడుతుందా, వాడు చేసిన పని అలాంటిది, బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో పాకం వండే కడాయిల దగ్గర నిలబడి, గాజుపలక మీద ఒక చుక్క వేసి వెలుతురుకు పట్టి చూసి, ఇప్పుడు గింజ కట్టింది దించండి అని చెప్పేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒకడు వాచ్‌మన్ అయ్యాడు, ఒకడు దుబాయి పోయాడు, వీడు ఏజెంటును పట్టుకుని ఉగాండాలో చెరకు మిల్లుకు పోయాడు. అక్కడా అదే చెరకు, అదే పాకం, అదే గాజుపలక. ఇంతకీ పిల్ల ఏం పంపి ఉంటుంది. వ్యాపారికి ఎవరన్నా ఏదన్నా పంపారంటే రెండే, బహుమానం లేదా ఫిర్యాదు. బహుమానానికి తను చేసిందేమీ లేదు. ఫిర్యాదు అయితే వినడానికి చేతులు కట్టుకుని పోతున్నట్టు. చేతులు ఖాళీగా ఉండకూడదని ఈ సంచి.

ధర్మం గంప లేకపోతే ఇదంతా లేదు. గంజ్‌లో వేలం పాట ముగిసి, కుప్ప తూకానికి పోయేముందు హమాలీ ఒక పిడికెడు కొమ్ము తీసి అడ్తి దుకాణం ముందున్న గంపలో వేస్తాడు, అది ధర్మం పిడికిలి, రైతు ఒక్క మాట అనడు, అతని తాత కూడా అనలేదు. సీజను అయ్యాక గంప సరుకు అమ్మి ధర్మకార్యానికి వాడాలి. రాజేశ్వర్ బాపు ఆ సరుకుతో శ్మశానంలో రేకుల షెడ్డు వేయించాడు, బడికి బల్లలు కొనిచ్చాడు. దుకాణం చేతికి వచ్చాక రాజేశ్వర్ గమనించింది ఏమిటంటే, ఊళ్ళో చేసిన ధర్మం చేసినచోట కూర్చోదు, లేచి మళ్ళీ దుకాణం మెట్లెక్కుతుంది. బల్లలిస్తే ఫ్యాన్లు అడిగారు, ఫ్యాన్లిస్తే వాటి మీద పేరు చిన్నగా రాశారు, పెద్దగా రాయించుకుంటే పక్క దుకాణం వాడు ఇంకా పెద్దగా రాయించుకున్నాడు. అట్లాంటి రోజుల్లో హన్మాండ్లు మొదటి సెలవుకు వచ్చి దుకాణం గద్దె మీద కూర్చుని చెప్పాడు, మిల్లు పక్కనే బడి ఉందని, బడిలో ఉండాల్సిన పిల్లలు చెరకులో ఉన్నారని, ఒక సంస్థ ఆ పిల్లలకు మధ్యాహ్నం అంబలి, బట్టలు, పరీక్ష ఫీజు ఇచ్చి బడిలో కూర్చోబెడుతోందని, దాత ఒక్కొక్కరికి ఒక పిల్లనో పిల్లగాణ్ణో అప్పజెబుతారని. రాజేశ్వర్ అప్పటికప్పుడే లెక్క చూసుకున్నాడు. సముద్రం అవతలివాడు మెట్లెక్కి రాడు, ఇంకొకటి అడగడు, పేరు చిన్నగా రాశారన్న బాధ లేదు. రాడు, నిజమే. రాలేడు అని అప్పుడు అనుకోలేదు.

సారంగపూర్ దాటింది. కండక్టరు ముసలామెను ఆధార్ చూపించమంటున్నాడు, ఆమె కొంగుముడి విప్పుతూ, "టికెటు పుకట్ అన్నరు, ముఖం చాలదా బిడ్డా, ఈ ముఖాన్ని ఎవడు దొంగతనం చేస్తడు" అంటోంది, బస్సంతా నవ్వింది. రాజేశ్వర్‌కు కూడా నవ్వు వచ్చింది, వచ్చి సగంలో ఆగింది, ఎందుకంటే మనసు వేరే ముఖం దగ్గర ఉంది. మిరెంబె, ఆ పిల్ల పేరు. సంస్థ వాళ్ళు పంపిన ఫొటోలో గుండు గీయించుకున్న తల, ఆకుపచ్చ గౌను, కెమెరాను కాక దాని పక్కన ఎవరినో చూస్తున్న కళ్ళు. బిడ్డ నిరోష ఆ ఫొటో పెద్దది చేయించి తెస్తే గద్దె వెనక గోడకు లక్ష్మీదేవి క్యాలెండరు పక్కన అంటించాడు. రైతులు చూసి, "ఎవరు సేటూ, కోడల్ని చూసినవా ఏంది" అని ఆటపట్టించేవాళ్ళు. సంగతి చెబితే, "మా పిడికెడు పసుపు గంత దూరం పోయిందా" అని ఫొటోకు దగ్గరగా పోయి చూసేవాళ్ళు. ఆ చూపు రాజేశ్వర్‌కు ఇష్టంగా ఉండేది. రైతుల పిడికిళ్ళతో తను గొప్పవాడయ్యానని అప్పుడు తట్టలేదు, ఇప్పుడు బస్సు కుదుపులో తడుతోంది, ఇట్లాంటివి గద్దె మీద కూర్చున్నప్పుడు తట్టవు.

హన్మాండ్లు తిరిగి పోయేటప్పుడు పిల్ల ఇంటికని పసుపు పంపాడు. పంపడం కూడా అలా ఇలా కాదు, ఆ ఏడు గంజ్‌లో అందరూ వచ్చి చూసిపోయిన కుప్పలోంచి, వేలంత పొడుగు, మెరుగు పట్టి బంగారంలా మెరిసే కొమ్ములు ఏరి, ఎర్ర గుడ్డలో కట్టించి ఇచ్చాడు. పసుపు పంపితే శుభం. కూరలో వేస్తారా, కాళ్ళకు రాస్తారా, వాళ్ళకు అసలు ఎరుక ఉందా లేదా అని అనుకోనే లేదు. హన్మాండ్లు మిల్లు పనిలో పడి ఆ మూట బడిలో టీచరమ్మకు ఇచ్చి పోయాడట. ఏడాది చివర సంస్థ ద్వారా పిల్ల రాసిన మాటలు వచ్చాయి, నిరోష చదివి తెలుగులో చెప్పింది. మీరు పంపిన వేర్లు ఇంటి వెనక నాటాము, మేకలు రాకుండా నానమ్మ కంప కట్టింది, పొద్దున ఒకసారి, బడి నుంచి వచ్చాక ఒకసారి నీళ్ళు పోస్తున్నాను, ఎప్పుడు మొలుస్తాయి. రాజేశ్వర్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ము మొలుస్తుందా. గంజ్‌లో ఆ మాట చెబితే తూకం వేసే దడ్వాయి కాంటా ఆపి మరీ అన్నాడు, "ఇంకేం సేటూ, వచ్చే ఏడు అన్నం నాటి వడ్లు కోస్తరు." కొత్త ఖరీదుదారు ఎవరు వచ్చినా ఆ సీజనంతా అదే ముచ్చట, చాయ్ వచ్చేలోపు చెప్పి నవ్వించే ముచ్చట. "బాపూ, ఏమని రాయాలె?" అని నిరోష అడిగింది. సీజను కానియ్యి బిడ్డా, రాద్దాం అన్నాడు. సీజను అయింది. ఇంకో సీజను వచ్చింది. అక్క గోదావరి ఒకనాడు ఇంటికి వచ్చి అన్నం తింటూ ఆ ముచ్చట విన్నది. అందరూ నవ్వారు, అక్క నవ్వలేదు, ముద్ద చేతిలోనే ఆగింది. "జవాబు రాయలేదారా? పాపం, నీళ్ళు పోస్తుంటది గదరా."

పోస్తుంటది గదరా. జానకంపేట రైల్వేగేటు పడింది, బస్సు ఆగింది, ఇంజను ఆపేసరికి ఆ మాట ఎవరో పక్కన కూర్చుని అన్నట్టే వినిపించింది. గేటు అవతల కాలువ కట్ట, నిజాంసాగర్ నీళ్ళు ఇంకా వదల్లేదు, కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఆ పిల్ల నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేదో. బోరు ఉందో, చెరువు ఉందో, ఎంత దూరమో. తను మనిషి కనబడగానే ఎన్ని ఎకరాలు, బోరా కాలువా అని అడుగుతాడు, పంట రాకముందే సరుకు అంచనా వేయడానికి, ఆ పిల్ల గురించి మాత్రం ఒక్కటీ అడగలేదు. అడిగింది ఒక్కటే, మార్కులు. ఖరీదుదారు కుప్ప దగ్గరికి వచ్చి పైన చూడడు, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి అడుగు నుంచి ఒక కొమ్ము తీస్తాడు, రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి టప్పున విరుస్తాడు, లోపల నారింజరంగు ఉంటే ధర మాట్లాడతాడు, పాలిపోయి ఉంటే చెయ్యి దులుపుకుని పక్క కుప్పకు పోతాడు. రాజేశ్వర్ కూడా అంతే, కూర్చున్నచోట చేతికి కొమ్ము దొరికితే విరవకుండా ఉండలేడు, పెండ్లిపందిట్లో పళ్ళెంలోవి కూడా విరిచి చూస్తాడని భార్య సవిత పోరు పెడుతుంది. పిల్ల రిపోర్టు వచ్చినప్పుడు చేసింది అదే పని. మార్కులు పడిపోయాయి, బడికి సగం రోజులు రాలేదు. మీరు కోరితే మీ సాయం మరో విద్యార్థికి మార్చవచ్చు, ఈ అమ్మాయికి వేరే దాత కోసం చూస్తాము అని కింద రాసి ఉంది. కోరాడు. "బాపూ, ఎందుకు రాలేదో అడుగుదాం, ఒక్క ఏడు చూద్దాం" అన్నది నిరోష. "సరుకు తగ్గినంక ఏడాది ఆగుతమా?" అన్నాడు. సరుకు అన్నాడు. నోట్లోంచి వచ్చినప్పుడు అది మామూలు మాట. కొత్త ఫొటో వచ్చింది, లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్లగాడు, పాత ఫొటో తీసిన చోటే, అదే గీత మీద అంటించాడు. కొన్నాళ్ళకు అక్క దుకాణానికి వచ్చి గోడ చూసింది. "ఆ పిల్ల ఏదిరా?" చదువు అయిపోయిందక్కా అన్నాడు. అక్క తల ఊపింది. మెట్లు దిగబోతూ ఆగి, "మొలిచినయా మరి?" అని అడిగింది.

రైలు వచ్చింది, గూడ్సు, తరగదు. చిన్నప్పుడు తనను విరిచి చూస్తే మాత్రం లోపల ఏం రంగు ఉండింది గనక. ఎనిమిదో తరగతి తప్పాడు. బాపు పుస్తకాల సంచి తీసి దూలానికి వేలాడదీసి, రేపటి నుంచి గంజ్‌కు రా, హమాలీల వెంట బస్తాలు కుట్టు అన్నాడు. అప్పటికి దుకాణం లేదు, బాపు ఇంకొకరి గద్దె కింద గుమాస్తా. అక్క అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది, ఆమె బడి మానేసి అప్పటికే చాలా కాలం. తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు, తునికాకు కత్తిరిస్తూనే అన్నది. "తప్పితే తప్పిండు తియ్యి బాపు. నా బీడీలు ఠేకేదారు ఎన్నిసార్లు పారేస్తలేడు? మల్ల సుడుతలేనా?" అంతే. సంచి దూలం మీంచి కిందికి వచ్చింది. ఆ ఏడు ఫీజు అక్క వేళ్ళలోంచి వచ్చింది, మరుసటి ఏడూ అంతే, పదో తరగతి పాసయ్యేదాకా. ఇప్పటికీ ఆమె చూపుడువేలు కొన కాయకట్టి గట్టిగా ఉంటుంది, తాంబూలం ఇస్తుంటే తగులుతుంది. తనను ఎవరూ పక్క కుప్ప చూసుకుని వదిలిపోలేదు. ఏరు దాటినవాడికి తెప్ప గుర్తుండదంటారు. గుర్తు లేక కాదు. గుర్తుండి కూడా రెంటినీ ఒకచోట పెట్టి ఎప్పుడూ తూచలేదు, అక్క తనకు చేసింది ఒక కాంటా, తను ఆ పిల్లకు చేసింది ఒక కాంటా, రెండూ వేర్వేరు గదుల్లో.

గేటు లేచింది. ముసలామె దిగిపోయేటప్పుడు సంచి వైపు చూసి, "నాటుకునేదైతే మృగశిర దాటనియ్యకు నాయనా" అని చెప్పి పోయింది. ఎడపల్లి వచ్చింది. చిన్నప్పుడు బాపుతో బండి మీద ఈ దారిన వస్తే ఎడపల్లి దాటగానే ముక్కుకు తెలిసేది బోధన్ దగ్గరకొచ్చిందని, చెరకు మడ్డి కాగే తీపివాసన, తలనొప్పి పుట్టించే తీపి, చెరకు బండ్ల వెనక పరుగెత్తి గడలు లాగి తినే పిల్లలు, తిట్టే బండివాళ్ళు. ఇప్పుడు వాసన లేదు, బోర్డు చూసుకోవాలి. దూరంగా పొగ లేని గొట్టం నిలబడి ఉంది. రాజేశ్వర్ మనసులో మాట కట్టుకుంటున్నాడు, బేరానికి పోయే ముందు కట్టుకున్నట్టే. ముందుగా పిల్ల ఎట్లా ఉందని అడగాలి. పరీక్ష ఫీజు, బట్టలు, ఆగిపోయినవన్నీ తనే కడతానని చెప్పాలి, ఇప్పుడున్న లెక్కల పిల్లగాణ్ణి కూడా వదలడు, ఇద్దరూ ఉంటారు, పిల్ల ఖర్చు గంపలోంచి కాదు, సొంత జేబులోంచి. ఈ విత్తనం హన్మాండ్లు పట్టుకుపోయి ఆమెకు ఇవ్వాలి, పోయినసారి పంపినవి ఉడికినవి, తప్పు నాది అని చెప్పాలి. ఫొటో మళ్ళీ గోడకు ఎక్కించాలి. అక్క వచ్చి చూస్తే, మొలిచినయక్కా అని చెప్పవచ్చు, అబద్ధం కాకుండా. కట్టుకున్న మాట బాగానే ఉంది. ఎక్కడా సందు లేదు.

హన్మాండ్లు బస్టాండు ఎదుట చాయ్ హోటల్లో కూర్చుని ఉన్నాడు. తల నెరిసింది, నల్లబడ్డాడు. "రా అన్నా, బస్సుల వచ్చినవా? కారు అమ్మినవా, అల్లునికిచ్చినవా?" అని నవ్వి, రెండు చాయ్‌లు చెప్పాడు. రాజేశ్వర్ కూర్చోకముందే అడిగాడు.

"పిల్ల ఎట్లున్నది?"

"చెరుకు కొడుతున్నది."

"బడి?"

"నువ్వు ఇడిసినంక ఇంకో దాత దొరకలే. పరీక్ష ఫీజు కట్టెటోళ్ళు లేరు." హన్మాండ్లు గొంతులో కోపం లేదు, ఫ్యాక్టరీ సంగతి చెప్పినట్టే చెబుతున్నాడు. "దానికి ముందటి ఏడు వాళ్ళ నానమ్మ మంచం పట్టింది. ముసల్దాన్ని చూసుకునుడు, నీళ్ళు మోసుడు, బడికి సగం రోజులు పోలే. ముసల్ది పోయింది."

రాజేశ్వర్ కట్టుకున్న మాటంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు, ఫీజు, బట్టలు, సొంత జేబు, అన్నీ. సంచి బల్ల మీద పెట్టాడు. కొమ్ముల కళ్ళు అప్పుడే లేతగా పొటమరించి ఉన్నాయి.

హన్మాండ్లు సంచిలోకి చూశాడు, ముట్టుకోలేదు. "ఎవరికని తీస్కపోను అన్నా? కోత గుంపుతోని పోయింది. ఇయ్యాల ఈ తోట, రేపు ఇంకో తోట, ఏ జిల్లాల ఉన్నదో గుంపు మేస్త్రికే ఎరుక, ఆ మేస్త్రి ఎవడో నాకెరుక లేదు. పోయే ముందు మిల్లు గేటు కాడికి అచ్చి నన్ను పిలిపించింది." జేబులోంచి ఒక గుడ్డ మూట తీశాడు. రంగు వెలిసిన ఎర్ర గుడ్డ. రాజేశ్వర్ గుర్తుపట్టాడు, ముడి మాత్రం తన దుకాణంలో వేసినది కాదు. విప్పాడు. కొమ్ములు. మెరుగు పోయి, తోలు నల్లబడి, కణుపుల్లో ఎర్రమట్టి ఇంకా పట్టి ఉన్నవి. కుళ్ళినవి పోగా మిగిలినవి అయి ఉంటాయి, తవ్వి తీసి, కడిగి, ఎండబెట్టినవి.

"మొలవలేదని చెప్పమన్నది. నీళ్ళు మస్తు పోసిన్నని చెప్పమన్నది. మంచిగ సాకలేదనే నువ్వు ఇడిసినవని అనుకుంటున్నది అన్నా. ఇవి నీకు అక్కరకొస్తయేమోనని వాపస్ పంపింది."

"ఉడికినవి మొలవవని నువ్వు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలే, చెప్పిన. నమ్మలే. నవ్వింది." హన్మాండ్లు చాయ్ గ్లాసును బల్ల మీద కొంచెం అటు జరిపాడు. "మొలవని దాన్ని గింత దూరం ఎవరన్న పంపుతరా అన్నది."

రాజేశ్వర్ చేతిలో ఒక కొమ్ము ఉంది, ఎప్పుడు తీసుకున్నాడో తెలియదు, బొటనవేళ్ళు వాటంతట అవే దాని నడుముకు వచ్చాయి. వద్దనుకునేలోపే టప్పుమని విరిగింది. ఆ నల్లటి తోలు లోపల నారింజరంగు, అంచు దాకా నిండుగా, ఒక్క పాలిపోయిన చార లేదు. గంజ్‌లో అయితే మొదటి పాటకే పోయే రంగు.

"ఎట్లున్నది?" అన్నాడు హన్మాండ్లు, అలవాటుగా.

మంచి సరుకు చూసినప్పుడు ఆ మాట అడిగితే రాజేశ్వర్ నోటి నుంచి ధర దానంతట అదే వచ్చేది. ఇప్పుడు రెండు ముక్కలనూ విరిగిన చోట ఒకదానికొకటి ఆనించి, అవి అతికినట్టే కనబడేలా, పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. నిజామాబాద్ బస్సు వచ్చి వెళ్ళిపోయింది.